బయ్యర్ పంపిన కాంట్రాక్టులో మార్పులు అడగాలా, కళ్లు మూసుకుని సంతకం పెట్టాలా?

పల్ప్ డెస్క్, చిత్తూరు
అందరికీ నమస్కారం. చిత్తూరు దగ్గర మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో ఎక్స్‌పోర్ట్ డాక్యుమెంట్లు చూస్తుంటాను. ఇన్నాళ్లూ ఒక పేజీ ప్రొఫార్మా ఇన్‌వాయిస్, నాలుగు మెయిళ్లతో వ్యాపారం నడిచిపోయింది. ఈసారి నెదర్లాండ్స్ బయ్యర్ ఒకరు తోతాపురి గుజ్జుకి పద్నాలుగు పేజీల కాంట్రాక్టు పంపారు. సరుకు చేరాక 60 రోజుల్లోపు ఎప్పుడైనా క్వాలిటీ క్లెయిమ్ వేయొచ్చట, వాళ్ల ల్యాబ్ రిపోర్టే ఫైనల్ అట, ఆలస్యమైతే వారానికి 1 శాతం పెనాల్టీ అట (ఎక్కడ ఆగుతుందో మాత్రం రాయలేదు), గొడవొస్తే రాటర్‌డ్యామ్ కోర్టుకి పోవాలట. మార్పులు అడుగుదాం సార్ అంటే మా ఓనర్ "నువ్వు అడిగేలోపు పక్క ఫ్యాక్టరీవాడు సంతకం పెట్టి పంపేస్తాడు" అంటున్నారు. ఆయన మాట కొట్టిపారేయలేను. అలాగని పెట్టేయమనడానికీ చెయ్యి రావడం లేదు. అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

పాత మండీ
మీ ఓనర్ చెప్పిందే కరెక్టు నైనా. 2025 సీజన్ చూసినాం కదా, కాయ అడిగే దిక్కు లేక ఫ్యాక్టరీలు 8, గవర్నమెంటు 4 కలిపి కిలోకి 12 రూపాయలు అనే కాడికి వచ్చింది. గోడౌన్లో డ్రమ్ములు కూర్చుని ఉంటే బయ్యర్‌తో పేజీ పేజీకీ పేచీ పెట్టుకుంటారా ఎవరైనా? గుజ్జు కేసులో రాటర్‌డ్యామ్ కోర్టు మెట్లెక్కినవాణ్ణి మన జిల్లాలో నేనైతే చూడలేదు. క్లెయిమ్ వస్తే మాట్లాడుకుంటాం, వచ్చే కంటెయినర్లో కొంచెం తగ్గించి ఇస్తాం, అంతటితో సరి. లాయర్ మధ్యలోకి వచ్చాడంటే బయ్యర్ ముఖం మాడిపోతుంది, ఆ తర్వాత మెయిల్‌కి జవాబు కూడా రాదు.

తిరుపతి అడ్వకేట్
మండీ గారూ, ముఖం మాడేది లాయర్‌ని చూసి కాదండీ, సంతకం అయిన ఆర్నెల్లకి "ఈ క్లాజు మాకు తెలియదు" అన్నప్పుడు.

పల్ప్ డెస్క్ గారు, మీ నాలుగు పాయింట్లలో మీరు ఎక్కువ భయపడుతున్నది కోర్టు క్లాజుకే అనుకుంటా. మన దగ్గర ప్రతి ఇన్‌వాయిస్ కిందా "చిత్తూరు జ్యూరిస్‌డిక్షన్‌కు లోబడి" అని అచ్చేసుకుని ధైర్యంగా ఉంటాం. చిత్తూరు కోర్టులో డిక్రీ తెచ్చుకున్నారే అనుకోండి, బయ్యర్ ఆస్తి, బ్యాంకు ఖాతా అంతా నెదర్లాండ్స్‌లో ఉంటే ఆ డిక్రీతో అక్కడ నేరుగా ఏమీ చేయలేరు. అటు నుంచీ అంతే. సివిల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ 44ఎ కింద మనం గుర్తించిన దేశాల జాబితాలో బ్రిటన్, సింగపూర్, యూఏఈ ఉన్నాయి గానీ నెదర్లాండ్స్ లేదు. వాళ్ల తీర్పు పట్టుకుని ఇక్కడ మళ్లీ దావా వేసుకోవాల్సిందే. అందుకే కోర్టుల జోలికి పోకుండా ఆర్బిట్రేషన్ (ఇద్దరూ ఒప్పుకున్న మధ్యవర్తి తీర్పు, దాన్నే అవార్డు అంటాం) రాసుకోమంటాం. 1958 న్యూయార్క్ కన్వెన్షన్‌లో రెండు దేశాలూ ఉన్నాయి, సింగపూర్‌లో వచ్చిన అవార్డుని రెండు చోట్లా అమలు చేయించుకోవచ్చు.

ఇంకో మాట. 60 రోజుల క్లాజు కొట్టేయండి అని మాత్రం అడక్కండి. కాంట్రాక్టుకి డచ్ చట్టం పెట్టారా లేదా చూడండి. పెట్టి ఉంటే, విడిగా మినహాయించకపోతే, అంతర్జాతీయ అమ్మకాల వియన్నా ఒప్పందం (1980) దాంతోపాటే వచ్చేస్తుంది. ఇండియా అందులో లేకపోయినా సరే, నెదర్లాండ్స్ ఉంది కాబట్టి. ఆ ఒప్పందం ప్రకారం లోపం తెలిసిన లేదా తెలియాల్సిన దగ్గర్నుంచి "సమంజసమైన వ్యవధి"లో చెబితే చాలు, బయటి గడువు రెండేళ్లు. అంటే మీకు గుచ్చుకుంటున్న ఆ 60 రోజులే మిమ్మల్ని కాపాడుతున్నాయి.

పల్ప్ డెస్క్
డచ్ చట్టమే మేడమ్, పన్నెండో పేజీలో ఉంది. ఈ సంగతి నాకు తట్టనే లేదు.

కుప్పం గ్రానైట్
సింగపూర్ బాగుంది మేడమ్, ఒక కంటెయినర్ గుజ్జు గొడవకి సింగపూర్ ఫీజులు ఎవరు కడతారు? 215 కిలోల డ్రమ్ములు 80, మొత్తం 17.2 టన్నుల సరుకు. కేసు ఖర్చు సరుకు విలువని మింగేస్తుంది.

మా రాయి వ్యాపారంలో అసలు గొడవ యార్డులోనే తేల్చుకుంటాం. బయ్యర్ మనిషి వచ్చి బ్లాకు మీద నీళ్లు పోసి చూసుకుంటాడు, గీత ఉందా, షేడ్ తేడా ఉందా అని. కొలతలు రాసుకుని, నచ్చిన బ్లాకు మీద పెయింట్‌తో మార్కు వేసి, లిస్టు మీద సంతకం పెట్టి పోతాడు. ఆ మార్కు పడ్డాక "షేడ్ తేడా" అంటే చెల్లదని కాంట్రాక్టులోనే రాసి ఉంటుంది. మీరు కూడా లోడింగ్ ముందు తనిఖీ పెట్టించుకుని, ఆ రిపోర్టే ఫైనల్ అని అడగండి.

పల్ప్ డెస్క్, ఆ కాంట్రాక్టులో సెట్-ఆఫ్ అనే పేరా ఉందేమో చూడు తమ్ముడూ. క్లెయిమ్ వేసినాయనే మనకివ్వాల్సిన డబ్బులో కోసుకోవడం. అది ఉంటే ఆయనకి ఏ కోర్టుతోనూ పని లేదు.

పల్ప్ డెస్క్
ఉందన్నా. తొమ్మిదో పేజీ. "ఈ కాంట్రాక్టు గానీ మరే ఇతర కాంట్రాక్టు గానీ" అని కూడా ఉంది. మాది బిల్ ఆఫ్ లేడింగ్ (ఓడ కంపెనీ ఇచ్చే సరుకు రసీదు) తేదీ నుంచి 60 రోజులకి పేమెంట్, అంటే సరుకూ వాళ్ల దగ్గరే, డబ్బూ వాళ్ల దగ్గరే. నేను రాటర్‌డ్యామ్ గురించి నిద్రపోకుండా కూర్చున్నాను.

ల్యాబ్ క్యూసీ
గ్రానైట్ అన్నా, మీ రాయి నీళ్లు పోస్తే కనబడుతుంది. గుజ్జు అసెప్టిక్ (క్రిములు లేకుండా నింపిన) బ్యాగులో సీలై ఉంటుంది, విప్పితే పాడవుతుంది. బయ్యర్ వాడుకునే రోజే డ్రమ్ము తెరుస్తాడు. లోడింగ్ రిపోర్టే అన్నిటికీ ఫైనల్ అంటే ఏ బయ్యరూ ఒప్పుకోడు, ఆయన స్థానంలో ఉంటే నేనూ ఒప్పుకోను.

అందుకే లోపాలని విడగొట్టి రాయించాలి. డ్రమ్ము సొట్ట, లీకు, లెక్క తేడా వంటివి చేరిన వారంలో చెప్పాలి. బ్రిక్స్ (కరిగిన చక్కెర కొలత), ఆమ్లత్వం, రంగు నెలలోపు. బ్యాగు ఉబ్బడం, పులియడం మాత్రం షెల్ఫ్ లైఫ్ లోపల ఎప్పుడైనా సరే, కానీ వాళ్లు నిల్వ చేసిన ఉష్ణోగ్రత రికార్డు చూపించాలి. ఇలా విడగొట్టి అడిగితే బయ్యర్ క్వాలిటీవాళ్లే మీ తరఫున వాళ్ల పర్చేజ్‌వాళ్లకి చెబుతారు, ఎందుకంటే అది అర్థమయ్యే మాట.

బ్రిక్స్ ఎలా రాశారో చూడండి. "కనీసం 14" అని వదిలేస్తే గొడవ అక్కడే మొదలవుతుంది. మన రీడింగ్ 14.2, వాళ్లది 13.7. ఇద్దరిదీ నిజమే కావచ్చు, ఎన్ని డిగ్రీల దగ్గర చూశారు, ఎన్ని డ్రమ్ముల నుంచి శాంపిల్ తీశారు అన్నదాన్ని బట్టి. రిఫ్రాక్టోమీటర్, 20 డిగ్రీల సెల్సియస్, బ్యాచ్‌కి ఇన్ని డ్రమ్ములు, ఇంత టాలరెన్స్ అని నాలుగు ముక్కలు రాయించండి. బ్యాచ్‌కి మూడు శాంపిళ్లు సీలు చేసి ఒకటి మన దగ్గర, ఒకటి బయ్యర్ దగ్గర, మూడోది ఇద్దరికీ సంబంధం లేని ల్యాబ్ కోసం. రెండు రిపోర్టులు కలవకపోతే మూడో ల్యాబ్ మాట ఫైనల్, ఓడినవాళ్లు ఫీజు కట్టాలి. ఈ అనుబంధం రాయాల్సింది లాయర్ కాదండీ, రోజూ గుజ్జు చూసే మనిషి. లాయర్ గారు తర్వాత భాష సరిచేస్తారు. (మేడమ్ ఏమీ అనుకోకండి.)

"గమ్యస్థాన దేశపు చట్టాలన్నిటికీ లోబడి" అనే లైను కూడా ఉండే ఉంటుంది. యూరప్ 2020లో క్లోర్‌పైరిఫాస్‌ని (పురుగుమందు) నిషేధించి, తిండిలో దాని అవశేషాల పరిమితిని కిలోకి 0.01 మిల్లీగ్రాములకి తెచ్చింది. రైతు తోటలో ఏం కొట్టాడో మనకి పూర్తిగా తెలియదు, రేపు ఇంకో మందు పరిమితి తగ్గిస్తే అదీ మన నెత్తినే. "షిప్‌మెంట్ తేదీ నాటికి అమల్లో ఉన్న" అనే మాట చేర్పించండి. దీనికి కాదనడానికి వాళ్లకి కారణం దొరకదు.

తిరుపతి అడ్వకేట్
ఏమీ అనుకోనమ్మా, సరిగ్గా చెప్పారు. బ్రిక్స్ గురించి నాకు రాయడం రాదు. గ్రానైట్ గారికి జవాబు: సింగపూర్ ఆర్బిట్రేషన్ సెంటర్ 2025 రూల్స్‌లో పది లక్షల సింగపూర్ డాలర్ల లోపు వివాదాలకి స్ట్రీమ్‌లైన్డ్ పద్ధతి వచ్చింది, ఒకే ఆర్బిట్రేటర్, మూడు నెలల్లో అవార్డు. అయినా ఒక్క కంటెయినర్‌కి భారమే, ఒప్పుకుంటా. సీజన్ మొత్తం కాంట్రాక్టు అయితే లెక్క వేరు.

పాత మండీ
సెట్-ఆఫ్ సంగతి సరే. నాది వేరే ప్రశ్న. 2025 జూన్‌లో కర్ణాటక తోతాపురి మన జిల్లాలోకి రాకూడదని ఆర్డరు వేశారు. శ్రీనివాసపురం కాయ మీద లెక్క వేసుకుని కాంట్రాక్టు రాసుకున్నవాడికి ఏ క్లాజు పనికొస్తుంది? కాగితం మీద ఎన్ని రాసినా కాయ రాకపోతే ఏం చేస్తావు?

తిరుపతి అడ్వకేట్
కాగితం పనికొచ్చేదే అక్కడ సామీ. ఫోర్స్ మజూర్ (మన చేతిలో లేని ఆటంకం వస్తే మినహాయింపు) క్లాజులో "యుద్ధం, వరద, భూకంపం" అని ఎక్కడినుంచో కాపీ కొట్టిన లిస్టు ఉంటే మీ కేసు అందులో పడదు. "ముడి పండు రవాణాపై కేంద్ర, రాష్ట్ర, జిల్లా అధికారుల నిషేధం" అని ఉండాలి, ఇన్ని రోజుల్లో నోటీసు ఇవ్వాలి అని ఉండాలి. ఖరీదైంది అనేది మాత్రం మామూలుగా చెల్లదు. 1956లో సూయెజ్ కాలువ మూతపడితే, సూడాన్ వేరుశెనగని హాంబర్గ్‌కి సీఐఎఫ్ లెక్కన (ఓడ కిరాయి, బీమా అమ్మేవాడివే) అమ్మినవాళ్లు కాంట్రాక్టు రద్దయిపోయిందన్నారు. ఆఫ్రికా చుట్టూ తిరిగి పంపొచ్చు కదా అని ఇంగ్లండ్ అత్యున్నత న్యాయస్థానం 1961లో కొట్టేసింది. మన సుప్రీంకోర్టు కూడా 2017లో, ఇండోనేసియా బొగ్గు ధర పెరిగిన విద్యుత్ కేసులో, అదే దారిలో తీర్పిచ్చింది.

కుప్పం గ్రానైట్
2023 చివర ఎర్రసముద్రంలో ఓడల మీద దాడులు మొదలయ్యాక మళ్లీ అదే ఆఫ్రికా చుట్టూ. సీఐఎఫ్ రేటు ముందే ఒప్పుకున్నవాళ్లు పెరిగిన ఫ్రైట్ సొంత జేబులోంచి కట్టారు. ఎఫ్ఓబీ (సరుకు ఓడ ఎక్కించి అప్పజెప్పడం) కూడా కంటెయినర్ సరుకుకి సరిపడదు. ఓడ ఎక్కేదాకా రిస్క్ మనదే. ఆ డిసెంబర్‌లోనే మిచౌంగ్ తుఫానుకి చెన్నై మునిగింది, అట్లాంటప్పుడు యార్డులో ఆగిన కంటెయినర్ ఎవరిదో ఆలోచించండి. ఎఫ్‌సీఏ (ఒప్పుకున్న చోట బయ్యర్ పెట్టిన రవాణావాళ్లకి అప్పజెప్పడం) అడగండి. ఇన్‌కోటెర్మ్స్ 2020లో (ఈ అమ్మకపు షరతుల అంతర్జాతీయ నియమాలు) అయితే ఎఫ్‌సీఏ కింద కూడా ఆన్‌బోర్డ్ (సరుకు ఓడ ఎక్కిందని చూపే) బిల్ ఆఫ్ లేడింగ్ ఇప్పించమని బయ్యర్‌తో ఒప్పందం రాసుకునే వీలుంది, బ్యాంకుతో తలనొప్పి ఉండదు.

ఇంకొకటి, ఎవరూ పట్టించుకోనిది. సంతకమయ్యాక కాంట్రాక్టు బీరువాలోకి పోతుంది. బయ్యర్ పర్చేజ్ మేనేజర్ వాట్సాప్‌లో "రెండు వారాలు ఆపి పంపండి, మా దగ్గర చోటు లేదు" అంటాడు, మనవాళ్లు బొటనవేలు బొమ్మ పెట్టి ఆపుతారు. వాళ్ల అకౌంట్స్ మాత్రం రెండు వారాల పెనాల్టీ కోసేస్తుంది, సవరణలు ఇద్దరి సంతకంతో ఉంటేనే చెల్లుతాయని పదకొండో పేజీలో ఉంటుంది కాబట్టి. మాకు తెలిసిన ఒక యూనిట్‌లో ఇలాగే అయింది. వాట్సాప్ మెసేజ్ వచ్చిన గంటలో "మీ కోరిక మేరకు షిప్‌మెంట్ తేదీ ఇంతకి మార్చాం, పెనాల్టీ వర్తించదు, ధృవీకరించండి" అని మెయిల్ కొట్టాలి. ధృవీకరణ వచ్చేదాకా సరుకు ఆపకూడదు. దీనికి లా డిగ్రీ అక్కర్లేదు, అలవాటుంటే చాలు.

పల్ప్ డెస్క్
ఓనర్‌ని ఒప్పించి నిన్న మెయిల్ పెట్టాం. కోర్టు గురించి ఏమీ అడగలేదు. సెట్-ఆఫ్ మేం ఒప్పుకున్న క్లెయిములకే, పెనాల్టీకి 5 శాతం పరిమితి, మూడో ల్యాబ్, క్లెయిములు అక్క చెప్పినట్టు విడగొట్టి. జవాబు వచ్చింది, పక్క ఫ్యాక్టరీకి పోలేదు. మూడో ల్యాబ్, విడగొట్టడం ఒప్పుకున్నారు. పెనాల్టీ పరిమితి 8 అంటున్నారు. సెట్-ఆఫ్ మూడో ల్యాబ్ రిపోర్టు వచ్చాకే చేస్తామన్నారు.

పాత మండీ
అన్నీ ఇచ్చాడు సరే, రేటు ఎంత కోశాడు? అది చెప్పు ముందు.

పల్ప్ డెస్క్
టన్నుకి 10 డాలర్లు తగ్గించమంటున్నారు. అంటే కంటెయినర్‌కి 172. ఓనర్ ఇంకా ఏమీ తేల్చలేదు.

పాత మండీ
ఐదు దగ్గర బేరం తెంచమను. ఆ సెట్-ఆఫ్ పేరా ఎట్లా రాసినారో ఇక్కడ పెట్టు, మావాడికి చూపిస్తా.