సభ్యులకు మాత్రమే విస్కీ అమ్మే కంపెనీలో షేర్లు కొనవచ్చా?

ప్రశ్న

మూడేళ్ళుగా నేను స్కాచ్ మాల్ట్ విస్కీ సొసైటీ సభ్యుణ్ణి. సొసైటీ ప్రధానంగా సభ్యులకే అమ్మే విస్కీ సీసాల్లో దాదాపు ప్రతిదీ ఒకే పీపా నుంచి నింపినది. లేబుల్ మీద డిస్టిలరీ పేరు ఉండదు; చుక్కతో విడదీసిన రెండు సంఖ్యలే ఉంటాయి, మొదటిది డిస్టిలరీని, రెండోది పీపాను సూచిస్తుంది. సొసైటీ యజమాని అయిన ఆర్టిజనల్ స్పిరిట్స్ కంపెనీ 2021 జూన్‌లో, చిన్న కంపెనీల కోసం లండన్‌లో ఉన్న ఎయిమ్ మార్కెట్లో 112 పెన్నీల ధరకు లిస్టయింది, ఆ తర్వాతి ఏళ్ళలో షేరు అందులో సగం కంటే దిగువకు పడింది. సరుకు నాణ్యత స్వయంగా తెలిసినవాణ్ణి కనుక కొందామని ఉంది. ఏమేమి చూసి నిర్ణయించుకోవాలి?

జవాబు 1

మీకు విస్కీ తెలుసు, అది మంచిదే, కానీ ముందుగా కంపెనీ నిల్వల లెక్క చూడండి. స్కాచ్ అనిపించుకోవాలంటే మద్యం స్కాట్లాండ్‌లోనే, 700 లీటర్లకు మించని ఓక్ పీపాలో, కనీసం 3 ఏళ్ళు ఉండాలి. మంచి ధర పలికే సరుకుకు 12 ఏళ్ళు, 18 ఏళ్ళు కూడా పడుతుంది. ఈలోగా ఏటా సుమారు 2 శాతం ఆవిరైపోతుంది. 250 లీటర్ల హాగ్స్‌హెడ్ పీపాను 12 ఏళ్ళు ఉంచితే 196 లీటర్లు మిగులుతాయి, అంటే 70 సెంటీలీటర్ల సీసాలు 280 వస్తాయి. డబ్బు ఈ రోజు పెట్టాలి, రాబడి పుష్కరం తర్వాత వస్తుంది. పీపాలు పద్దుల్లో ఖర్చు లెక్కనే నిలుస్తాయి కాబట్టి, వయసుతో పెరిగిన విలువ అమ్మేదాకా లాభంగా కనిపించదు. వాటి కోసం తెచ్చిన అప్పు మీద వడ్డీ మాత్రం ఏటా కనిపిస్తూనే ఉంటుంది. లిస్టయిన తొలి ఏళ్ళలో కంపెనీ నష్టాలు చూపడాన్ని చదివేటప్పుడు ఇది గుర్తుంచుకోవాలి, అయితే దాన్నే సమర్థనగా తీసుకోకూడదు.

నన్నడిగితే అన్నిటికన్నా ముఖ్యమైనది సభ్యత్వాల పునరుద్ధరణ. కొత్త సభ్యుణ్ణి తెచ్చుకోవడానికి ప్రచారం మీద చాలా ఖర్చవుతుంది. అతను రెండో ఏడు రుసుము కట్టకుండా వెళ్ళిపోతే ఆ ఖర్చు వృథా. వార్షిక నివేదికలో మొత్తం సభ్యుల సంఖ్య కన్నా, పాతవారిలో ఎంతమంది నిలిచారో, ఒక్కొక్కరు ఏటా ఎంత కొంటున్నారో చూడండి.

జవాబు 2

షేర్ల బదులు పీపానే కొనమని ఎవరైనా చెబితే తొందరపడకండి. ఐదేళ్ళ క్రితం నేను ఒక దళారి దగ్గర పీపా కొన్నాను. మందపాటి కాగితం మీద సర్టిఫికెట్ ఇచ్చారు. గిడ్డంగికి ఉత్తరం రాస్తే, ఆ సంఖ్య గల పీపా ఉన్నది కానీ నా పేరున లేదని జవాబు వచ్చింది. అమ్మినవారు సంతకం చేసిన డెలివరీ ఆర్డర్ గిడ్డంగికి చేరి, గిడ్డంగివారు తమ ఖాతాలో పేరు మార్చినట్టు రాతపూర్వకంగా తెలిపితేనే సరుకు మనదన్న భరోసా ఉంటుంది. అది రాబట్టడానికి ఎనిమిది నెలలు తిరిగాను. తర్వాత పీపాను కొలిపించినప్పుడు ఆల్కహాల్ 43 శాతానికి దిగి ఉంది. 40 కంటే తగ్గితే దాన్ని స్కాచ్ పేరుతో అమ్మడానికే వీలుండదు.

షేర్లకు ఆ బాధ లేదు, లెక్కలు ఆడిటర్ చూస్తారు. కానీ ఎయిమ్‌లో చిన్న కంపెనీల షేర్లు రోజూ పెద్దగా చేతులు మారవు. కొనే ధరకూ అమ్మే ధరకూ తేడా ఎక్కువ, అవసరానికి అమ్మబోతే కొనేవారు దొరకకపోవచ్చు.

జవాబు 3

ఈ సొసైటీ 1983లో ఎడిన్‌బరోలోని లీత్‌లో, కలిసి పీపా కొని పంచుకున్న మిత్రుల బృందం నుంచి పుట్టింది. 2004లో గ్లెన్‌మోరంజీ అనే విస్కీ కంపెనీ చేతికి వెళ్ళి, 2015లో ప్రైవేటు మదుపరుల చేతికి వచ్చింది. ఇన్ని చేతులు మారినా సభ్యులు నిలిచారు, నాకు నమ్మకం కలిగించేది అదే. నేను పదేళ్ళదాకా అక్కరలేని డబ్బుతోనే కొద్దిగా కొన్నాను.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. పీపా ఆలోచన మానుకున్నాను. గత మూడు వార్షిక నివేదికల్లోని పునరుద్ధరణ శాతాన్నీ, అప్పునూ పక్కపక్కన రాసుకొని చూస్తాను; శాతం తగ్గుతూ, అప్పు పెరుగుతూ ఉంటే సభ్యత్వంతోనే సరిపెట్టుకుంటాను.