ఉలూరు ఏ రాయి? దాన్ని ఎందుకు ఎక్కకూడదు?

ప్రశ్న (గుంటూరు నుంచి):
మెల్‌బోర్న్‌లో ఉంటున్న మా అబ్బాయి వచ్చే ఏడాది మమ్మల్ని ఆస్ట్రేలియా మధ్యభాగంలోని ఉలూరు కొండకు తీసుకువెళ్తానంటున్నాడు. అది ఆకాశం నుంచి ఊడిపడిన ఒంటిరాయి అని ఒకరు, అగ్నిపర్వతం మిగిల్చిన దిబ్బ అని మరొకరు చెబుతున్నారు. ఏది నిజం? ఇంద్రకీలాద్రి మెట్లెక్కి అమ్మవారిని దర్శించుకోవడం మనకు పుణ్యం. అక్కడివారు మాత్రం పవిత్రమైన కొండ కాబట్టే ఎక్కవద్దంటారట. ఎందుకో తెలిసినవారు దయచేసి వివరించగలరు.

జవాబు (విజయవాడ, విశ్రాంత భూగర్భశాస్త్ర అధ్యాపకుడు):
అమ్మా, రెండూ నిజం కావు. ఉలూరు ఆర్కోస్ అనే ఒక రకం ఇసుకరాయి. సుమారు 55 కోట్ల సంవత్సరాల క్రితం ఆ ప్రాంతపు ఎత్తయిన పర్వతాలు కోతకు గురై, వరదల్లో కొట్టుకువచ్చిన ఇసుక మేటలు వేసింది. ఫెల్డ్‌స్పార్ అనే ఖనిజం ఎక్కువ కాలం నీటిలో నానితే బంకమట్టిగా మారిపోతుంది. ఉలూరు రాతిలో అది ఇప్పటికీ పుష్కలంగా, పలుకులు పలుకులుగా కనిపిస్తుంది కాబట్టి, ఆ ఇసుక దగ్గరి కొండల నుంచే వేగంగా వచ్చి పడిందని చెప్పగలుగుతున్నాం. పొరలు గట్టిపడ్డాక, 40 నుంచి 30 కోట్ల ఏళ్ల క్రితం భూపటలం ముడుతలు పడినప్పుడు, అవి దాదాపు 85 డిగ్రీలు ఒరిగాయి. మీరు కొండ మీద చూడబోయే నిలువు గాడులు ఒకప్పుడు అడ్డంగా పరుచుకున్న పొరల అంచులే. పరిసరాలు అరిగిపోగా 348 మీటర్ల ఎత్తున ఇది మిగిలింది, కానీ భూమిలోకి ఇంకా చాలా లోతుకు దిగి ఉంది. అందుకే ఒంటిరాయి అనడం సరికాదు. లోపలి రాయి బూడిదరంగు. పైపొరలోని ఇనుము తుప్పుపట్టడం వల్ల ఆ ఎరుపు.

జవాబు (మంగళగిరి నుంచి):
ఆ నేల అక్కడి ఆదివాసులైన అనంగు ప్రజలది. చుకుర్పా అనే వారి సంప్రదాయ జ్ఞానంలో సృష్టికథ, ధర్మం, బంధుత్వం, నీటి జాడలు అన్నీ కలిసి ఉంటాయి. ముటిజులు మడుగు దగ్గర, మేనల్లుడిని చంపినవారిపై పగబట్టిన కునియా అనే కొండచిలువ స్త్రీ, లిరు (విషసర్పం) యోధుడి తలపై కొట్టిన దెబ్బలు రాతిలో చీలికలుగా నేటికీ కనిపిస్తాయని వారు చెబుతారు. పర్యాటకులు ఒకప్పుడు ఎక్కిన దారి మాలా (వాలబీ అనే చిన్న కంగారూ లాంటి జంతువు) పూర్వీకులు క్రతువు కోసం నడిచినది. పైగా ఎక్కబోయి 30 మందికి పైగా మరణించారు. తమ గడ్డ మీదికి వచ్చిన అతిథి ప్రాణాలు పోతే అనంగులు దాన్ని తమ బాధ్యతగా భావించి దుఃఖిస్తారు. ఈ మాట నన్ను బాగా కదిలించింది. 1985 అక్టోబరు 26న ఆ భూమి హక్కు వారికి తిరిగి దక్కింది. 2019లో అదే తేదీన ఎక్కడం పూర్తిగా ఆగింది.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ కృతజ్ఞతలు. ఫొటోలు తీసుకోవచ్చా?

జవాబు (మంగళగిరి నుంచి):
తీసుకోవచ్చండి, కానీ కొన్ని చోట్ల వద్దని బోర్డులు ఉంటాయి. అవి పురుషులకు మాత్రమే, లేదా స్త్రీలకు మాత్రమే చెందిన పవిత్ర స్థలాలు. అక్కడి విషయాలు అవతలివారి కంటపడకూడదు, చిత్రంగానైనా సరే. కొండ చుట్టూ నడిచే దారి పది కిలోమీటర్లకు కాస్త పైనే ఉంటుంది. ఎండ ముదరకముందే బయలుదేరండి.