సీసాతో చేసిన గాలి థర్మామీటర్‌కు స్కేలు ఎలా గీయాలి?

నమస్కారం. అనంతపురంలో ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ ట్యూషన్ చెప్తాను. ఒక్క డిగ్రీ వేడెక్కితే పాదరసం తన ఘనపరిమాణంలో సుమారు 0.00018 వంతే పెరుగుతుంది. గాలి అయితే 0 డిగ్రీల దగ్గర 1/273 వంతు, అంటే దాదాపు 20 రెట్లు. ఇది పిల్లలకు కళ్లారా చూపిద్దామని గాజు సీసా మూతకు బెజ్జం పెట్టి, సన్నని గొట్టం దూర్చి, చుట్టూ మైనం అద్ది, గొట్టంలో రంగునీళ్ల చుక్క నిలిపాను. సీసాని అరచేతుల్లో పట్టుకుంటే చాలు, చుక్క బెత్తెడు పైకి పాకుతుంది. వాళ్లకు భలే సరదా!

తిప్పలంతా స్కేలు దగ్గరే. పక్కనున్న ఆల్కహాల్ థర్మామీటర్ పొద్దున, సాయంత్రం ఒకటే అంకె చూపినా, చుక్క మాత్రం వేరే చోట ఉంటోంది. గొట్టం పైకొన తెరిచే ఉంది కాబట్టి బయటి గాలి పీడనం మారడమే కారణమని నా అనుమానం. లేక మైనం దగ్గర లీకవుతోందా? ఈ రెండింటిలో ఏదో తేల్చుకునే తేలికైన పరీక్ష ఉందా?

ఘనపరిమాణం మారకుండా పీడనం కొలిచే పద్ధతికి మారుదామంటే, పిల్లల మధ్య పాదరసం వాడను. నీళ్లతో యూ గొట్టం పెడితే డిగ్రీకి మూడు సెంటీమీటర్లకు పైగా తేడా వస్తుంది, గొట్టం బారెడు కావాలి. ఎవరైనా చేసి చూశారా? ఇంకోటి, మన ఊరు సముద్రమట్టానికి 300 మీటర్ల పైనే ఉంది, నీళ్లు 100 కంటే కాస్త ముందే మరుగుతాయి. పై గుర్తును 99 అని రాసుకుంటే సరిపోతుందా?