శ్రీనాథుడి ‘కోక’ తలకా, నడుముకా?

బాత్ (ఇంగ్లండ్) నుంచి:

సభ్యులకు నమస్కారం. శ్రీనాథుడి చాటువు మొదటి పాదం ‘కుల్లా యుంచితి కోక చుట్టితి మహాకూర్పాసముం దొడ్గితిన్’ (టోపీ పెట్టాను, గుడ్డ చుట్టాను, పెద్ద అంగీ తొడిగాను). అందులో ఒక్క మాట వారం రోజులుగా నన్ను నిలవనివ్వడం లేదు. ‘కుల్లా యుంచితి’ తరువాత ‘పాగ చుట్టితి’ అని మా తాతగారు చదివినట్టు గుర్తు. పుస్తకం తీస్తే ‘కోక’ అని ఉన్నది. తాతగారి పాఠానికి ఎక్కడైనా ఆధారం ఉన్నదా?

ఈ పద్యం ఇప్పుడు గుర్తుకు రావడానికి కారణం నా వేషం. మా ఊళ్లో ఏటా సెప్టెంబరులో జేన్ ఆస్టెన్ ఉత్సవం జరుగుతుంది. మూడవ జార్జి రాజు జబ్బుపడగా 1811 నుంచి 1820 వరకు ఆయన కొడుకు రీజెంటుగా రాజ్యం నడిపిన కాలపు దుస్తులు వేసుకుని వందల మంది వీధుల్లో నడుస్తారు. 2014లో 550 మంది ఆ దుస్తుల్లో ఒక్కచోట చేరి ప్రపంచ రికార్డు నెలకొల్పారు. నాలుగేళ్లుగా నేనూ ఆ నడకలో ఉంటున్నాను. ఈసారి కోటు నేనే చేత్తో కుట్టుకున్నాను. క్రవాట్ అనే గంజిపెట్టిన తెల్లని మస్లిన్ గుడ్డను మెడకు చుట్టి, తోకకోటు తొడిగి, పొడుగుటోపీ పెట్టుకుని అద్దంలో చూసుకోగానే శ్రీనాథుడి పాదం నోటికి వచ్చింది. వరుస కొంచెం మారినా టోపీ, చుట్టుగుడ్డ, పెద్ద కోటు మూడూ ఉన్నాయి. నాకు చుట్టుగుడ్డ మెడ మీద ఉన్నది, మరి ఆయనకు ఎక్కడ ఉండేది?

కడప నుంచి:

అయ్యా, ‘పాగ’ అన్నా ‘కోక’ అన్నా గురువూ లఘువే కనుక శార్దూలంలో రెండూ ఒదుగుతాయి. యతి పదమూడో అక్షరమైన ‘కూ’ మీద పడుతుంది కాబట్టి ఆరో అక్షరం సంగతి అది తేల్చదు. తేల్చేది సంధి. ‘ఉంచితిన్’ ద్రుతాంతం (చివర నకారం ఉన్న మాట) గనుక దాని తరువాతి క, చ, ప వంటి పరుషాలు గ, జ, బ వంటి సరళాలవుతాయి. ‘కోక’ వస్తే ‘ఉంచితిఁ గోక’ అవుతుంది, ‘పాగ’ వస్తే ‘ఉంచితిఁ బాగ’ కావాలి. తాతగారు ‘పాగ’ అని పరుషంగానే పలికి ఉంటే, అది పెద్దాయన మనవడికి అర్థం విప్పి చెప్పిన మాట అవుతుంది గాని పాఠాంతరం కాదు.

నిజంగా ఆలోచించవలసినది ఆ తరువాతి అక్షరం. ‘కోకఁ జుట్టితి’ అనీ ‘కోక సుట్టితి’ అనీ రెండు విధాలుగానూ చదువుతున్నారు. చుట్టినది కోకను కాబట్టి ద్వితీయ మీది ద్రుతం చకారాన్ని సరళం చేస్తుంది. నేను ‘జుట్టితి’ పక్షం.

వరంగల్లు నుంచి:

మాస్టారికి నమస్కరిస్తూనే విభేదిస్తున్నాను. కోక జడం, అంటే ప్రాణం లేని వస్తువు. జడానికి ద్వితీయ బదులు ప్రథమ రావచ్చునని చిన్నయసూరి బాలవ్యాకరణంలో చెప్పనే చెప్పాడు. ప్రథమ మీది పరుషానికి గసడదవాదేశం (క, చ, ట, త, ప లకు గ, స, డ, ద, వ లు రావడం) వస్తుంది కనుక ‘కోక సుట్టితి’ నిర్దుష్టమైన రూపం. ‘సు’ అన్నప్పుడు పల్చని గుడ్డ జారిన చప్పుడు కూడా నాకు వినబడుతుంది.

ఇక అర్థానికి వస్తే, కుల్లాయి పారసీకుల కులాహ్. శ్రీనాథుడి తరువాత నూరేళ్లకు వేసిన లేపాక్షి చిత్రాలలోనూ, తిరుమలలో దేవేరులతో నిలబడిన కృష్ణదేవరాయల లోహవిగ్రహం మీదనూ ఆ పొడుగుటోపీని చూస్తాము. రాయల టోపీ మీద చుట్టిన గుడ్డ ఏదీ లేదు. టోపీ పెట్టుకున్నవాడు మళ్లీ తలపాగా ఎందుకు చుడతాడు? కోక అంటే వట్టి వస్త్రమే. అది ఇక్కడ నడుముకు బిగించిన పట్టీ అని నా అభిప్రాయం.

బందరు నుంచి:

నేను కుట్టుపని మీద బతికేదాన్ని, వ్యాకరణం మీకే వదిలేస్తాను. కాని ఇద్దరూ క్రియను దాటిపోయారు. నడుముకైతే కడతాము, తలకైతే చుడతాము. ‘గట్టితి’ అన్నా గణం చెడదు కదా! చెడకపోయినా కవి ‘చుట్టితి’ అన్నాడంటే ఆ గుడ్డ తల మీదనే ఉన్నది. కులాహ్ చుట్టూ గుడ్డ చుట్టడం పారసీకంలో ఉన్న అలవాటే. తాతగారు మాట మార్చినా అర్థం తప్పలేదు.

నన్ను పట్టుకున్నది కూర్పాసం. అమరుడు తన నిఘంటువులో దాన్ని చోళము (రవిక) పక్కన చెప్పాడు. కాళిదాసు ఋతుసంహారంలో అది చలికాలంలో ఆడవాళ్లు తొడుక్కునే బిగుతు రవిక. బాణుడు హర్షచరిత్రలో రాజులకు తొడిగాడు. కూర్పరమంటే మోచేయి కాబట్టి మోచేతి దాకా వచ్చే పొట్టి చొక్కా అని నా ఊహ. అందుకే శ్రీనాథుడు ‘మహా’ చేర్చుకోవలసి వచ్చింది. బాత్ అయ్యగారి బృందంలో ఆడవాళ్లు వేసుకునే స్పెన్సర్ రొమ్ముల కిందనే ఆగిపోయే పొట్టి కోటు, అది కూర్పాసం. గౌను మీద కాళ్ల దాకా దిగే పెలీస్ మహాకూర్పాసం. తెలుగులో వీటికి ఇంతకన్న మంచి పేర్లు దొరకవు. అయ్యా, మీ కోటు చేయి ఒక ముక్కగా కోశారా, రెండు ముక్కలుగానా?

బాత్ నుంచి:

అమ్మా, రెండు ముక్కలే. మోచేయి దగ్గర వంపు తిప్పి కోయాలి. చేయి చాచి నిలబడితే ముడతలు పడుతుంది, కొంచెం వంచితే నునుపుగా కూర్చుంటుంది. మొదటిసారి తిన్నగా కోసి గజం ఉన్నిగుడ్డ పాడుచేసుకున్నాను. ఆ గుడ్డ ఎంత దట్టంగా అణిగి ఉంటుందంటే కోసిన అంచు పోగు ఊడదు. అందుకని ఆ కాలపు దర్జీల లాగానే తోకల అంచులు మడవకుండా వదిలేశాను. కూర్పాసంలో మోచేయి ఉన్నదన్న మీ మాట నాకు చేతి మీదనే తెలిసింది.

వేసుకున్న తరువాత తెలిసినది ఇంకొకటి ఉన్నది. గంజి బిగిసిన క్రవాట్ గడ్డానికి ఆనుకుని తల వంచనివ్వదు. ఆ పైన పొడుగుటోపీని నిలబెట్టుకుని, పడకుండా నడవాలి. ‘కుల్లా పెట్టితి’ అనకుండా ‘ఉంచితి’ అనడంలో ఆ జాగ్రత్త అంతా ఉన్నదని నాకు అనిపించింది.

వరంగల్లు నుంచి:

‘ఉంచితి’ గురించి మీరన్నది యాభై ఏళ్లుగా ఈ పద్యం చదువుతున్న నాకు తట్టలేదు. అయితే ఒక భేదం మరవకూడదు. మీరు ముచ్చటపడి తొడుక్కున్నారు, ఆయన విజయనగర రాజు ప్రౌఢదేవరాయల సభలో అడుగుపెట్టడానికి తొడుక్కున్నాడు. తరువాతి పాదాలలో తిన్నానని, తాగానని చెప్పిన వెల్లుల్లి, తెలికపిండి, అంబలి కూడా ఆ ప్రవేశానికి చెల్లించిన వెలే. ఆ తరువాతనే వాదంలో ఓడిన ఆస్థాన పండితుడు డిండిముడి కంచుఢక్క పగిలింది, కనకాభిషేకం జరిగింది. కనుక చివరి పాదంలో కన్నడ రాజ్యలక్ష్మితో ‘దయలేదా! నేను శ్రీనాథుడన్’ అన్నది దీనాలాపమని నేను ఒప్పుకోను. టోపీ, కోటు అన్నీ తీసి పక్కన పెట్టి, లోపల ఉన్నది ఎవరో చెప్పిన మాట అది. ఆ ఒక్క ‘నేను’ కోసం మిగతా పద్యమంతా నడిచింది.

కడప నుంచి:

ఆ ‘నేను’ విషయంలో మీతో ఏకీభవిస్తాను. కూర్పాసం విషయంలో మాత్రం బందరు అమ్మగారు ఆశించినంత కొలత కవి మనసులో ఉండకపోవచ్చు. ఆ సభలో తొడిగినది కబాయి అనే పొడుగు అంగీ. ‘కు’కు యతిమైత్రి కావలసిన చోట ‘క’ నిలవదు, ‘కూర్పాసము’ నిలుస్తుంది. యతి కోసం వచ్చిన సంస్కృతపదానికి ‘మహా’ తగిలించి కబాయి పొడుగు తెచ్చాడు.

బాత్ వారికి మరొక మాట. సి.పి. బ్రౌన్ మద్రాసులో దిగినది 1817లో, 18 ఏళ్ల వయసులో. మీరు కుట్టుకున్న కోటు లాంటిదే ఆయనా తొడుక్కుని దిగి ఉంటాడు. ఆ ఎండలో ఆ ఉన్నితో ఆయన మొదట ఏ తెలుగు మాట విన్నాడో అని నేను తరచుగా ఆలోచిస్తుంటాను.

బాత్ నుంచి:

ఈ సెప్టెంబరు నడక ముగిశాక మా బృందానికి ఈ పద్యం చదివి వినిపించి, అర్థం చెబుదామనుకుంటున్నాను. ‘జుట్టితి’ అనాలా, ‘సుట్టితి’ అనాలా?

కడప నుంచి:

‘జుట్టితి’ అనండి.

వరంగల్లు నుంచి:

‘సుట్టితి’ అనండి. కావాలంటే సూత్రం ఎత్తి రాస్తాను.

బందరు నుంచి:

మీ క్రవాట్ గుడ్డ పొడవూ వెడల్పూ రాయండి అయ్యా. మా ఇంట్లో సన్నని మల్లుగుడ్డ ఉన్నది. అట్టతో కుల్లాయి ఒకటి చేసి, దాని చుట్టూ ఎన్ని చుట్లు పడతాయో, చుట్టిన తరువాత టోపీ పొడుగు పైకి కనబడుతుందో లేదో ఆదివారం నాడు చూసి చెబుతాను.