క్లయింట్‌లో తప్పులున్నాయా? నా ఇంగ్లీషు వాక్యంలో ఏం తేడా?

లేట్‌నైట్_మెయిల్:
పదేళ్లుగా రోజూ ఇంగ్లీషులో మెయిల్స్ రాస్తున్నాను, కాబట్టి నాకు వచ్చనే అనుకున్నాను. మొన్న పొరపాటున పాత డ్రాఫ్ట్ పంపేసి, ఆ సంగతి మేనేజర్‌కి చెబుతూ ఇలా రాశాను: "ఐ సెంట్ ద రిపోర్ట్ టు ద క్లయింట్ విత్ మెనీ మిస్టేక్స్." ఆవిడ ఓ నవ్వు బొమ్మ పెట్టి "పాపం, క్లయింట్‌లో అన్ని తప్పులున్నాయా?" అని అడిగారు. ఐదు నిమిషాలు ఆ వాక్యాన్నే చూస్తూ కూర్చున్నా, తేడా ఎక్కడుందో దొరకలేదు.

అదే వారం ఇంకో డాక్యుమెంట్‌లో "ఆఫ్టర్ చెకింగ్ ద లాగ్స్, ద సర్వర్ వజ్ రీస్టార్టెడ్" అన్న దాని కింద ఎవరో గీత గీసి "డాంగ్లింగ్ మాడిఫయర్" (ఎవరికి చెందిందో తెలియకుండా వేలాడే ముక్క) అని రాశారు. గ్రామర్ చూసే సాఫ్ట్‌వేర్ ఒక్క ముక్క అనలేదు. నిర్వచనాలు చదివితే అర్థమవుతున్నాయి, కానీ నేను రాసింది నేను చదువుకుంటే అంతా బాగానే ఉన్నట్టుంటుంది. పంపే ముందు పట్టుకునే కిటుకు ఏమైనా ఉందా?

ఎర్రపెన్ను:
మీరు రాసింది మీకు బాగానే కనిపిస్తుంది, ఎందుకంటే అర్థం ముందే మీ తలలో ఉంది. కంటికి కనిపించేది వాక్యం కాదు, మీరు అనుకున్నది.

మొదటిది చూద్దాం. మనం "చాలా తప్పులున్న రిపోర్ట్‌ని క్లయింట్‌కి పంపాను" అంటాం, "తప్పులున్న" అనేది రిపోర్ట్‌కి ముందు అతుక్కుని కూర్చుంటుంది, దాన్ని క్లయింట్ లాక్కునే అవకాశమే లేదు. "పంపాను" తప్ప మిగతావి అటూఇటూ మార్చి "క్లయింట్‌కి చాలా తప్పులున్న రిపోర్ట్‌ని పంపాను" అన్నా ఏమీ కాదు, "కి", "ని" ఎవరి పని వాళ్లకి పంచేస్తాయి. ఇంగ్లీషులో ఆ ప్రత్యయాలు లేవు, పదం ఎక్కడ నిలబడితే దాని సంబంధం అక్కడే. పైగా "విత్ మెనీ మిస్టేక్స్" లాంటి ముక్క నామవాచకం తర్వాత వస్తుంది, మీ వాక్యంలో దాని పక్కనే ఉన్నది క్లయింట్. పక్కింటివాడికి ఉత్తరం అందినట్టు తప్పులన్నీ ఆయనకి అందాయి.

సరిచేయడానికి ఆ ముక్కని రిపోర్ట్ పక్కకి జరపండి: "ఐ సెంట్ ద క్లయింట్ ఎ రిపోర్ట్ విత్ మెనీ మిస్టేక్స్." అంతే.

సగంవాక్యం:
రెండోది వేరే జబ్బు. అక్కడ ముక్క తప్పు చోట లేదు, దానికి దిక్కే లేదు. లాగ్స్ చెక్ చేసింది ఎవరు? వాక్యంలో ఆ మనిషి లేడు. ఇంగ్లీషులో "–ఇంగ్" ముక్కతో మొదలుపెట్టి కామా పెడితే, కామా తర్వాత వచ్చే కర్తకే ఆ పని అంటగడతారు. అంటే సర్వరే లాగ్స్ చెక్ చేసుకుని తనే రీస్టార్ట్ అయిందన్నమాట (అలా చేసే సర్వర్ దొరికితే నాకూ చెప్పండి).

ఇది మన చెవికి తగలకపోవడానికి ఓ కారణం ఉంది. తెలుగులో "వానలు పడి చెరువులు నిండాయి" అంటాం. పడింది వానలు, నిండింది చెరువులు, కర్తలు ఇద్దరు, అయినా వాక్యం నిక్షేపంగా ఉంది. అదే అలవాటుతో, వానల్ని వదిలేసి "ఫాలింగ్ హెవీలీ, ద లేక్స్ ఫిల్డ్ అప్" అని రాస్తే చెరువులే ధబ్బున పడ్డాయని అర్థం.

కిటుకు అడిగారు కదా, నేను చేసేది ఇది: ముందు ముక్క దగ్గర ఆగి "ఎవరు?" అని అడుగుతాను. కామా తర్వాత వచ్చే కర్త జవాబు కాకపోతే వాక్యం తప్పు. మీ దాంట్లో "ఎవరు చెక్ చేశారు?" అంటే "సర్వర్" అని వస్తోంది, దొరికిపోయింది. "ఆఫ్టర్ చెకింగ్ ద లాగ్స్, ఐ రీస్టార్టెడ్ ద సర్వర్" అంటే సరి. లేదా ముందు ముక్కలోనే మనిషిని పెట్టేయండి: "ఆఫ్టర్ ఐ చెక్డ్ ద లాగ్స్, ద సర్వర్ వజ్ రీస్టార్టెడ్." ప్యాసివ్ ("వజ్ రీస్టార్టెడ్" లాంటి కర్మణి రూపం) వాడినప్పుడల్లా ఈ అనుమానం పెట్టుకోవాలి, ఎందుకంటే పని చేసినవాణ్ణి దాచేదే ప్యాసివ్. అలాగని ప్యాసివ్ అంతా తప్పని కాదు, "ఆఫ్టర్ బీయింగ్ రీస్టార్టెడ్, ద సర్వర్ వర్క్డ్ ఫైన్" పక్కా కరెక్ట్, రీస్టార్ట్ అయింది సర్వరే కాబట్టి.

చాదస్తం_వద్దు:
మరీ టెన్షన్ పడకండి. "కన్సిడరింగ్ ద డెడ్‌లైన్, ద రిజల్ట్ ఈజ్ గుడ్" లాంటివి అందరూ రాస్తారు, "కన్సిడరింగ్", "రిగార్డింగ్" లాంటివి ఎప్పుడో మామూలు పదాలైపోయాయి, వాటికి "ఎవరు?" పరీక్ష పెట్టకూడదు. "ఓన్లీ" కూడా అంతే, "ఐ ఓన్లీ టోల్డ్ టూ పీపుల్" అంటే ఇద్దరికే చెప్పానని ఎవరికైనా అర్థమవుతుంది.

ఎర్రపెన్ను:
మాటల్లో అయితే ఒప్పుకుంటా. కానీ వారంటీ కాగితంలో "ద కంపెనీ విల్ ఓన్లీ రిపేర్ ద మోటార్" అని ఉంటే? రిపేరే చేస్తారు, కొత్తది ఇవ్వరనా, లేక మోటారే చేస్తారు, మిగతా భాగాలు చేయరనా? మనకైతే ఒక్క "ఏ" చాలు, "రిపేరే", "మోటారే" అని దేని మీద వేస్తే దానికే. ఇంగ్లీషులో "ఓన్లీ"ని తీసుకెళ్లి "ద మోటార్" ముందు పెడితే తప్ప రెండో అర్థం ఖాయం కాదు. "ఆల్మోస్ట్" ఇంకా ప్రమాదం: "ఐ ఆల్మోస్ట్ మిస్డ్ ఆల్ ద మీటింగ్స్" అంటే మిస్ అయ్యేవాణ్ణే కానీ వెళ్లానని, "ఐ మిస్డ్ ఆల్మోస్ట్ ఆల్ ద మీటింగ్స్" అంటే నిజంగానే వెళ్లలేదని. మేనేజర్‌కి ఏది పంపుతున్నారో చూసుకోండి.

లేట్‌నైట్_మెయిల్:
ఆ "ఎవరు?" పరీక్ష పట్టుకుని పాత మెయిల్స్ తిరగేశాను, నాలుగు దొరికాయి, సిగ్గేసింది. ఒకదాంట్లో మాత్రం ఎటూ తేల్చుకోలేకపోయాను: "పీపుల్ హూ టేక్ బ్రేక్స్ ఆఫెన్ ఫినిష్ ఎర్లీ."

సగంవాక్యం:
"ఆఫెన్" రెండువైపులా చూస్తోంది. తరచూ బ్రేక్ తీసుకునేవాళ్లా, తరచూ తొందరగా ముగించేవాళ్లా? "హూ ఆఫెన్ టేక్ బ్రేక్స్" అని ముందుకు జరపండి, లేదా "ఫినిష్ ఎర్లీ ఆఫెన్" అని చివరికి తోయండి. నవ్వకండి, తెలుగులోనూ ఇది ఉంది: "నిన్న నువ్వు పంపిన ఫైల్ చూశాను." నిన్న పంపావా, నిన్న చూశానా?

లేట్‌నైట్_మెయిల్:
అయ్యో, పొద్దున సరిగ్గా ఆ వాక్యమే పంపాను, అవతలివాళ్లు "ఏ ఫైల్ అండీ, నేను పంపింది సోమవారం కదా" అని అడిగారు.