ఏ లక్షణాలూ లేనివాళ్లు అల్జీమర్స్ రక్తపరీక్ష చేయించుకోవాలా?

వరంగల్ అమ్మాయి

నాకు 47 ఏళ్లు. మా అమ్మకు అల్జీమర్స్. ఆరేళ్లు చూసుకున్నాను, రెండేళ్ల కిందట పోయింది. మొదట్లో మాకేమీ అర్థం కాలేదు. ఒకరోజు మధ్యాహ్నం కొంగు ముడి విప్పి బీరువా తాళంచెవి తీసింది. అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూసి, "ఇది ఎవరిదే?" అని నన్నడిగింది. నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ ఆ కొంగునే ఉన్న తాళంచెవి అది.

మొన్న ఆఫీసులో హెల్త్ క్యాంపు పెట్టారు. షుగరు, కొలెస్ట్రాల్‌తో పాటు మెదడు సంగతి ముందే చెప్పే రక్తపరీక్ష కూడా ఉందని కరపత్రం ఇచ్చారు. పీ-టౌ217 అంట. పోయిన వారమే ఎదురింటావిడ పేరు గుర్తు రాక గుమ్మంలో నిలబడిపోయాను. అప్పటి నుంచి ఒకటే టెన్షన్. మా ఆయన చేయించుకోమంటున్నారు, తమ్ముడు వద్దంటున్నాడు. మీరేమంటారు?

ల్యాబ్ డ్యూటీ

అక్కా, పదకొండేళ్లుగా ల్యాబ్‌లో పనిచేస్తున్నాను. నేనైతే వద్దనే అంటాను. పరీక్ష మంచిదే, కానీ అది మీ కోసం కాదు.

అల్జీమర్స్‌లో మెదడులో అమిలాయిడ్ అనే ప్రోటీన్ పేరుకుంటుంది. టౌ అనే ఇంకో ప్రోటీన్ రూపం మారి, కొంచెం రక్తంలోకీ వస్తుంది. ఈ పరీక్షలో కొలిచేది దాన్నే. ఇదివరకైతే వెన్నులో సూది గుచ్చి నీరు తీయాలి, లేదా పెట్ స్కాన్ చేయాలి. 2025 మేలో, మందులకూ పరీక్షలకూ అనుమతులిచ్చే అమెరికా ప్రభుత్వ సంస్థ ఎఫ్‌డీఏ తొలిసారి ఇలాంటి రక్తపరీక్షకు అనుమతి ఇచ్చింది. 499 శాంపిళ్లు చూస్తే, పాజిటివ్ వచ్చినవాళ్లలో 91.7 శాతం మందికి నిజంగానే అమిలాయిడ్ ఉంది. నెగెటివ్ వచ్చినవాళ్లలో 97.3 శాతం మందికి లేదు. కొందరికి ఎటూ తేలలేదు.

కానీ ఆ అనుమతి 55 ఏళ్లు నిండి, మతిమరుపు లక్షణాలతో స్పెషలిస్టు దగ్గరికి వచ్చినవాళ్లకే. ఏ లక్షణాలూ లేనివాళ్లకు చేస్తే లెక్క తారుమారవుతుంది. వెయ్యి మందిలో 50 మందికే మెదడులో అమిలాయిడ్ ఉందనుకోండి. పరీక్ష 90 శాతం కచ్చితం అనుకుందాం. ఆ 50 మందిలో 45 మందిని పట్టుకుంటుంది. మిగతా 950 మందిలో 95 మందికి కూడా పాజిటివ్ అని చూపిస్తుంది. అంటే పాజిటివ్ రిపోర్ట్ చేతిలో పట్టుకున్న ముగ్గురిలో ఇద్దరికి ఏమీ లేనట్టే. ఆ ఇద్దరి రాత్రుళ్లు ఎలా గడుస్తాయో ఒక్కసారి ఆలోచించండి.

పలాస మాస్టారు

ల్యాబ్ తమ్ముడు చెప్పినదానికి ఇంకొకటి కలుపుతాను. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ల రక్తంలో ఈ టౌ ఎక్కువగా కనిపిస్తుంది. మెదడుకు ఏమీ కాకపోయినా సరే. మా ఉద్దానంలో ఇంటికొకరు క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే రక్తపరీక్ష) కాగితం పట్టుకుని తిరిగే ఊళ్లున్నాయి. అక్కడికి ఈ ప్యాకేజీ తెచ్చి పెడితే, కిడ్నీ భయం చాలదన్నట్టు మతి పోతుందన్న భయం కూడా వాళ్ల నెత్తిన పెట్టినట్టే. క్రియాటినిన్ చూడకుండా ఈ పరీక్ష రాసేవాళ్లను నేను నమ్మను.

డాలస్ నుంచి

మీ లెక్కలు కాదనను. కానీ తెలుసుకునే హక్కు సంగతి ఎవరూ ఎత్తడం లేదు.

మా నాన్నకు జబ్బని తేలేసరికే ఆలస్యమైపోయింది. అంతకు రెండేళ్ల ముందే దగ్గరి బంధువు ఒకాయన పాస్‌బుక్ కోసమని చెప్పి నాలుగు కాగితాల మీద సంతకాలు పెట్టించుకున్నాడు. నేను ఊరొచ్చేసరికి ఎకరంన్నర వాళ్ల పేరున ఉంది. "ఎందుకు పెట్టావు నాన్నా?" అంటే, "ఎవరు పెట్టారు?" అన్నాడు. ఆ ముఖం నేను మర్చిపోలేను. ఒక్క ఏడాది ముందు తెలిసినా జాగ్రత్త పడేవాళ్లం. నాకిప్పుడు 56. కొడుకు ఇంకా చదువుకుంటున్నాడు. నేను చేయించుకుంటాను.

ల్యాబ్ డ్యూటీ

అన్నా, మీ బాధ అర్థమైంది. కానీ నాన్నగారికి అప్పటికే లక్షణాలు మొదలై ఉంటాయి కదా. ఆయనకు ఈ పరీక్ష చేయించమని నేనూ చెప్పేవాణ్ని.

మీ విషయం వేరు. పాజిటివ్ వస్తే ఏం చేస్తారు? లెకానెమాబ్ అనే మందు జబ్బు ముదరడాన్ని ఏడాదిన్నరలో 27 శాతం నెమ్మదింపజేసింది, అంతే. కొందరికి మెదడులో వాపు, రక్తస్రావం వస్తాయి కాబట్టి మధ్యమధ్యలో ఎంఆర్ఐ తీస్తుండాలి. అదీ లక్షణాలు మొదలైనవాళ్లకే. లేనివాళ్లకు పనిచేస్తుందో లేదో ట్రయల్స్‌లో చూస్తున్నారు.

డాలస్ నుంచి

మందు కోసం కాదు తమ్ముడూ. ఆస్తి, బాధ్యతలు సర్దుకోవడానికి.

హనుమకొండ వకీలు

సర్దుకోవడానికి రిపోర్ట్ ఎందుకండీ? ఇక్కడ చాలామందికి తెలియని సంగతి ఒకటి చెబుతాను. మన దేశంలో జీపీఏ, అంటే తన తరఫున వ్యవహారాలు చూడమని ఇంకొకరికి ఇచ్చే అధికార పత్రం, రాసిచ్చిన మనిషికి మతి తప్పితే అది చెల్లదు. అమెరికాలో ఆ తర్వాత కూడా చెల్లేలా రాయించుకోవచ్చు, మనకు ఆ వెసులుబాటు లేదు. "నాన్న జీపీఏ ఇచ్చాడు, ఇంకేం భయం లేదు" అనుకుని, అసలు అవసరం పడ్డ రోజున కోర్టుకెక్కినవాళ్లను చూశాను. మంచిగా ఉన్నప్పుడే వీలునామా రిజిస్టర్ చేయించండి. బ్యాంకు ఖాతాలో ఇద్దరిలో ఎవరైనా తీసుకునేలా ఇంకో పేరు చేర్పించండి. నామినీలు సరిచూసుకోండి. 47 ఏళ్లకైనా 56కైనా ఇది ఈరోజే చేయాల్సిన పని.

పలాస మాస్టారు

అమ్మా, పేరు గుర్తు రాలేదన్నావు. బీ12, థైరాయిడ్ చూపించావా? ఆ రెండూ తగ్గితే మతిమరుపు వస్తుంది, మందులతో చాలావరకు సర్దుకుంటుంది. ఇంత పెద్ద పరీక్ష గురించి మాట్లాడుతున్నాం గానీ, ఆ చిన్నవి రెండూ ఎవరూ అడగరు.

వరంగల్ అమ్మాయి

బీ12 చూపించలేదు మాస్టారూ. సోమవారం ఇస్తాను. ఆ కరపత్రం పరీక్షకు మాత్రం పేరు రాయించుకోవడం లేదు. లెక్క చూశాక కాదు, డాలస్ అన్న రాసిందీ, దానికి వకీలు గారి జవాబూ చదివాక. నాకు కావాల్సింది అమ్మలాగా నా తాళాలు నాకే తెలియకుండా పోకూడదని. ఆదివారం తమ్ముడు వస్తున్నాడు. బీరువాలోని కాగితాలన్నీ ముందేసుకుని కూర్చుంటాం. వకీలు గారూ, ఖాతాలో తమ్ముడి పేరు చేర్చాలంటే వాడు కూడా బ్యాంకుకు రావాలా?