మెల్క్, డ్యూర్న్‌స్టైన్ రోజు: అమ్మానాన్నలతో షిప్ వాళ్ల టూరా, సొంతంగానా?

కొత్తప్రయాణం:
నమస్తే అండి. జులైలో డాన్యూబ్ మీద పస్సావ్ నుంచి బుడాపెస్ట్ దాకా ఏడు రాత్రుల రివర్ క్రూయిజ్ బుక్ చేశాం. నేను, మా ఆవిడ, అమ్మ, నాన్న. ఆస్ట్రియాలో వాఖావ్ లోయ చూసే రోజు ప్రోగ్రామ్ ఇది: పొద్దున 8కి మెల్క్ రేవు, 8:45కి బస్సులో మెల్క్ క్రైస్తవ మఠానికి, 12కి షిప్ బయల్దేరుతుంది, 2కి డ్యూర్న్‌స్టైన్, అక్కడ గైడ్‌తో ఊళ్లో నడక, 5:30కి మళ్లీ ప్రయాణం. రెండు టూర్లూ టికెట్‌లోనే ఉన్నాయి. అమ్మకి మోకాళ్ల నొప్పి, మెట్లు ఎక్కడం కంటే దిగడం కష్టం. నాన్నకి షుగర్. ఇద్దరూ శాకాహారులు. గుంపుతో వెళ్లాలా, మేమే తీసుకెళ్లి మా తీరున చూసుకోవాలా?

పడవసరంగు:
గుంపుతోనే వెళ్లండి. రివర్ షిప్ రిసెప్షన్‌లో పనిచేసినవాణ్ణి కాబట్టి ఈ రోజు లోపల ఎలా నడుస్తుందో చెబుతాను.

మెల్క్ రేవు నుంచి మఠం దగ్గరలోనే కనిపిస్తుంది కానీ అది కొండ మీద ఉంది, ఊళ్లోంచి నడిస్తే అంతా ఎక్కుడే. టూర్ బస్సు పై పార్కింగ్ దాకా వెళ్తుంది. గుంపులకి లోపలికి వెళ్లే సమయం ముందే రాసి ఉంటుంది, క్యూ ఉండదు. గైడ్ గంటసేపు చూపిస్తారు, తర్వాత తోటలో కాస్త ఖాళీ సమయం. పొద్దున 8:45 బస్సు పడటం మీ అదృష్టం, 11 దాటాక లోపల ఊపిరాడదు.

ముందు రోజు సాయంత్రం టూర్ డెస్క్ దగ్గర నెమ్మదిగా నడిచేవాళ్ల గుంపు కాగితం ఉంటుంది. దాంట్లో పేరు రాయించండి. ఆ గుంపు చిన్నది, ఆగుతూ నడుస్తుంది. అమ్మగారి మోకాళ్ల సంగతి అప్పుడే చెబితే మెట్లు తక్కువున్న దారి గురించి మఠంతో మాట్లాడి పెడతారు. పొద్దున బస్సు దగ్గర చెబితే ఎవరూ ఏమీ చెయ్యలేరు.

గైడ్ మాట వినడానికి చెవిలో పెట్టుకునే రిసీవర్ రాత్రే కేబిన్‌లో చార్జింగ్ స్టాండులో సరిగ్గా కూర్చోబెట్టాలి. లైటు వెలిగిందో లేదో చూడకపోతే మర్నాడు సగంలో ఆగిపోతుంది. గైడ్ గోడ మలుపు తిరిగినా మాట తెగిపోతుంది, అది రిపేరు కాదు, నాలుగడుగులు ముందుకెయ్యాలి. దిగేటప్పుడు కేబిన్ కార్డు స్కాన్ చేయించుకోండి, ఎక్కేటప్పుడూ అంతే. అదొక్కటే మాకు లెక్క.

వియన్నాలోఉంటా:
సరంగుగారూ, మీరు చెప్పని సంగతి ఒకటుంది. ఆ పై పార్కింగ్ నుంచి గేటుకి మెట్లు దిగాలి. ఆయన అడిగిందే దిగడం గురించి! పైగా టూర్ దారి లైబ్రరీ నుంచి చర్చిలోకి వంకీ మెట్ల మీదుగా దిగుతుంది. ఇరుకు, ఒకవైపే పట్టుకునేది, వెనక ముప్పై మంది. మోకాళ్ల నొప్పి ఉన్నవాళ్లకి అంతకంటే కష్టమైన చోటు మఠం మొత్తంలో లేదు.

కొత్తప్రయాణంగారూ, రేవు దగ్గరికి టాక్సీ ముందు రోజే చెప్పి పెట్టుకోండి, చిన్న ఊరు, అప్పటికప్పుడు దొరకదు. ఏప్రిల్ నుంచి అక్టోబర్ దాకా మఠం 9కి తెరుస్తారు, గైడ్ లేకుండా టికెట్ కొనుక్కుని చూడొచ్చు. లోపల ఇంపీరియల్ నడవా ఒక్కటే 196 మీటర్లు. గుంపుతో అయితే అది ఒక్క బిగిన నడవాలి.

మార్బుల్ హాల్‌లో నిలబడాల్సిన చోటు చెబుతాను. నేల మధ్యలో ఇనుప జాలీ ఉంటుంది, కింద నుంచి వేడిగాలి వచ్చేందుకు పెట్టినది. ఆ జాలీ దగ్గర నిలబడి తల పైకెత్తండి. పైకప్పు గోపురంలా పైకి లేచినట్టు ఉంటుంది. రెండడుగులు పక్కకి జరిగితే గీసిన స్తంభాలు వంగిపోతాయి. బొమ్మలు పాల్ ట్రోగర్‌వి, ఆ స్తంభాల భ్రమ గయెటానో ఫాంటీది. ఇంకోటి, పేరుకి మార్బుల్ హాలే కానీ తలుపు చట్రాలే అసలు పాలరాయి, గోడలు పాలరాయిలా కనబడేలా చేసిన గచ్చు పని. గుంపులో ఆ జాలీ మీద మీ వంతు వచ్చేలోపు గైడ్ బయటి అరుగు మీదికి వెళ్లిపోతారు.

డాలస్‌బాబు:
వీసా గురించి ఒక మాట. పేరెంట్స్ ఇండియన్ పాస్‌పోర్టు అయితే ఈ రూట్‌లో జర్మనీ, ఆస్ట్రియా, స్లొవేకియా, హంగరీ అన్నీ షెంగెన్, అంటే ఒకే వీసా చెల్లే దేశాలు, సింగిల్ ఎంట్రీ చాలు. సెర్బియా వెళ్లి మళ్లీ షెంగెన్‌లోకి వచ్చే షిప్ అయితే మల్టిపుల్ ఎంట్రీ తప్పనిసరి.

అరటిపువ్వు:
శాకాహారులు ఫ్రిటాటెన్ సూప్ జోలికి వెళ్లకండి! సన్నగా తరిగిన అట్టు ముక్కలు తేలుతూ చూడ్డానికి శాకాహారంలా ఉంటుంది, ఆ నీళ్లు గొడ్డుమాంసం ఉడికించినవి. "మాంసం లేదు కదా" అని అడిగితే లేదనే అంటారు. నీళ్లు దేంతో చేశారో అడగాలి. మారిలెన్‌క్నోడెల్ అడగండి, నేరేడంత కాదు, నిమ్మకాయ కంటే పెద్దగా ఉండే ఉండ, లోపల ఆప్రికాట్ పండు, పైన వేయించిన బ్రెడ్ పొడి. పిండిలో గుడ్డు పడుతుంది, అది చూసుకోండి. జులై అంటే అక్కడ ఆప్రికాట్ కోతలే.

పడవసరంగు:
మెట్లు లేవని నేనెక్కడా అనలేదు. అందుకే నెమ్మది గుంపు అన్నాను. టాక్సీలో వెళ్లినా అవే మెట్లు, అదే లైబ్రరీ. మీ దారిలో వంకీ మెట్లు మాయమవుతాయా?

అసలు ప్రమాదం 12కి షిప్ బయల్దేరడం. షిప్ మెల్క్‌లో ఆగి ఉండదు. టూర్ బస్సు ఆలస్యమైతే షిప్ ఆగుతుంది, ఎందుకంటే ఎంతమంది ఎక్కడున్నారో గైడ్ ఫోన్లో చెబుతూంటారు. టాక్సీ ఆలస్యమైతే మీరెక్కడున్నారో మాకు తెలిసే దారి లేదు. పాస్‌పోర్టులు సాధారణంగా రిసెప్షన్ దగ్గర ఉంటాయి. నాన్నగారి ఇన్సులిన్ కేబిన్ ఫ్రిజ్‌లో ఉంటుంది. ఇది ఆలోచించారా?

వియన్నాలోఉంటా:
షిప్ తప్పితే ఆకాశం ఊడిపడదు. మెల్క్ నుంచి డాన్యూబ్ ఎడమ గట్టున 715 బస్సు స్పిట్జ్, డ్యూర్న్‌స్టైన్ మీదుగా క్రెమ్స్ వెళ్తుంది. శని, ఆదివారాల్లో టైములు తేడా, ముందే చూసుకోవాలి. లేదంటే రైల్లో శాంక్ట్ పోల్టెన్ వెళ్లి మారి క్రెమ్స్. షిప్ నది మీద మెల్క్ నుంచి క్రెమ్స్ దాకా దాదాపు 35 కిలోమీటర్లు పోవాలి, ప్రవాహంతోనే వెళ్లినా గంటన్నర పైనే. రోడ్డు మీద మీరే ముందు చేరతారు.

పడవసరంగు:
ఆ గంటన్నరే అసలు వాఖావ్! 2000లో యునెస్కో జాబితాలోకి ఎక్కింది ఈ లోయే, ఒక్క మఠం కాదు. మెల్క్ దాటాక ఆల్టెన్‌వర్త్ దాకా లాకు లేదు, నది ఆనకట్టల మధ్య నిలవకుండా తన తీరున పారే చోటు ఇది. దాన్ని బస్సు కిటికీలోంచి చూడమంటారా?

కొత్తప్రయాణంగారూ, ఈ ఒక్క మాట రాసిపెట్టుకోండి. షిప్ ప్రవాహం వెంట కిందికి వెళ్తుంటే కుడివైపు ముందు షోన్‌బ్యూల్ కోట, తర్వాత కొండ కొమ్మున ఆగ్‌స్టైన్ శిథిలాలు. ఆ తర్వాత ఎడమకి మారండి. విల్లెన్‌డార్ఫ్, 1908లో 11 సెంటీమీటర్ల రాతి స్త్రీమూర్తి దొరికిన ఊరు, తర్వాత స్పిట్జ్, వైసెన్‌కిర్హెన్, ద్రాక్షతోటల మెట్లు, చివరికి డ్యూర్న్‌స్టైన్ చర్చి నీలం గోపురం. ఇదంతా సరిగ్గా భోజనాల వేళ జరుగుతుంది. పెద్ద రెస్టారెంట్ కింది డెక్‌లో, అక్కడ కూర్చుంటే సగం పోతుంది. ముందువైపు లౌంజ్‌లో తేలికపాటి లంచ్ ఉందేమో అడగండి. నాన్నగారికి టైముకి తిండి, అమ్మగారికి అద్దాల్లోంచి లోయ. పై డెక్‌కి చాలా షిప్పుల్లో లిఫ్ట్ వెళ్లదు, మెట్లే.

సీమపెద్ద:
నీళ్లు తగ్గితే? లాకులు లేని చోట నీటిమట్టం పడిపోతే షిప్ ఆగుతుంది. అప్పుడు అందరూ బస్సే. జులై, ఆగస్టుల్లో ఆ ముప్పు కొట్టిపారెయ్యలేం.

పడవసరంగు:
నిజమే, అప్పుడు కూడా బస్సు వేసేది షిప్ వాళ్లే. గుంపులో ఉన్నవాళ్లకి కబురు ముందందుతుంది.

వియన్నాలోఉంటా:
ప్రతి దానికీ గుంపు, గుంపు! గుంపులో పెద్దవాళ్లకి జరిగేది మీరు కౌంటర్ వెనక నుంచి చూశారు. మా అత్తగారు ఒక టూర్‌లో వాచీ చూసుకుంటున్న ముప్పై ముఖాల మధ్య నొప్పి దాచుకుని నడిచారు. రాత్రికి మోకాలు గుమ్మడికాయంత వాచింది. "నెమ్మదిగా నడవండి" అని ఎవరు చెప్పినా వినలేదు, తన వల్ల పదిమందికి ఆలస్యం అవుతోందని. మన ఇళ్లలో అమ్మలు అంతే. నొప్పి అని చెప్పరు.

పడవసరంగు:
అదే అమ్మ మీతో టాక్సీలో వస్తే నొప్పి చెబుతుందా? "మాకేం వద్దు నాయనా, మీరు చూసి రండి, మేమిక్కడ కూర్చుంటాం" అంటుంది. టాక్సీకి ఎంతయింది అని అడుగుతుంది. బాత్రూమ్‌కి నాణెం కావాలన్నా కొడుకునే అడగాలి. భాష రాదు, దారి తెలియదు, ప్రతిదానికీ కోడలి ముఖం చూడాలి. గుంపులో ఆవిడ కార్డు ఆవిడ మెళ్లో ఉంటుంది. గైడ్ మాట ఆవిడ చెవిలో పడుతుంది. పక్కన తన ఈడువాళ్లు నడుస్తుంటారు. అక్కడ ఆవిడ ఎవరి మీదా భారం కాదు. కౌంటర్ వెనక నుంచి నేను చూసింది అది.

వియన్నాలోఉంటా:
చెవిలో పడేది ఇంగ్లీషు.

పడవసరంగు:
ఇంగ్లీషు రాదని మీరెలా అనుకున్నారు? కొత్తప్రయాణంగారు రాశారా?

వియన్నాలోఉంటా:
రాయలేదు. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. కానీ మీరూ అమ్మగారు ఇలాగే అంటారు, అలాగే అడుగుతారు అని మొత్తం రాసేశారు. ఇద్దరం చూడని మనిషి తరఫున మాట్లాడుతున్నాం. నాకు కోపం టూర్ మీద కాదు. పెద్దవాళ్లని ఎక్కడ పెట్టాలో మనమే తేల్చేసి, వాళ్లని సామానులా ఎక్కించి దించడం మీద.

పడవసరంగు:
ఆ విషయంలో నేనూ మీ పక్షమే. ఆ కాగితం మీద పేర్లు ఎనభై శాతం పిల్లలే రాస్తారని లెక్క చెప్పలేను కానీ, పెద్దవాళ్లు స్వయంగా వచ్చి రాసింది నేను అరుదుగా చూశాను. డెస్క్‌లో ఉండేవాళ్లు కూడా కొడుకునే చూసి మాట్లాడతారు. అది మా తప్పే.

అరటిపువ్వు:
మధ్యాహ్నం సంగతి ఎవరూ చెప్పట్లేదు. డ్యూర్న్‌స్టైన్‌లో ఏం చెయ్యాలి?

వియన్నాలోఉంటా:
రేవు నుంచి ఊళ్లోకి ఎక్కుడు, ఆ తర్వాత వీధి దాదాపు చదును, రాళ్లు పరిచిన నేల. ఊరు చిన్నది, ఈ చివర నుంచి ఆ చివరకి నెమ్మదిగా నడిచినా పావుగంట. చక్రాల సూట్‌కేసు చప్పుడు చేసే రకం రాళ్లు, చెప్పులు కాదు, మెత్తటి అడుగున్న బూట్లు వేసుకోవాలి. కొండ మీద శిథిలాల కోటలోనే 1192 చివర్లో ఇంగ్లండ్ రాజు రిచర్డ్‌ని బంధించారు. 1645లో స్వీడన్ సైన్యం పేల్చేసింది. పైకి అరగంట నిటారు రాతి దారి, దిగేటప్పుడు ఇంకా కష్టం, వాన పడితే జారుడు. అమ్మగారికి అస్సలు వద్దు. మీరూ మీ ఆవిడా వెళ్లి రండి, నీళ్ల సీసా తప్పనిసరి.

పడవసరంగు:
దీంట్లో తేడా లేదు. ఇంకొక్కటి, ఆ రోజు రేవులో రెండు మూడు షిప్పులు పక్కపక్కన కట్టి ఉంటే మీ షిప్ బయటివైపు పడొచ్చు. అప్పుడు దిగాలంటే పక్క షిప్ లాబీలోంచి, లేదా రెండు షిప్పుల పై డెక్కుల మీదుగా దాటాలి. పై డెక్ దారి అయితే మెట్లు ఎక్కి మళ్లీ దిగాలి. లంచ్ టైములోనే రిసెప్షన్‌లో అడగండి, ఏ దారో తెలిశాకే అమ్మగారు దిగాలా వద్దా అనుకోవచ్చు. దిగకపోతే లౌంజ్ అద్దంలోంచి నీలం గోపురం కనపడేది మీ షిప్ లోపలివైపు ఉంటేనే. బయట పడితే కనపడేది పక్క షిప్ కిటికీ.

కొత్తప్రయాణం:
అందరికీ ధన్యవాదాలు. అమ్మ ముప్పై ఏళ్లు హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పింది, నేను రాయాల్సింది. ఈ థ్రెడ్ ఫోన్లో ఆవిడకే ఇచ్చాను. వంకీ మెట్ల దగ్గర రెండుసార్లు చదివి, "లైబ్రరీ దాకా వెళ్లి వెనక్కి రానిస్తారా" అని అడుగుతోంది. గుంపు వద్దా కావాలా అనేది చెప్పలేదు.

పడవసరంగు:
ముందు రోజు సాయంత్రం డెస్క్‌లో అదే ప్రశ్న ఆవిడనే అడగమనండి. గుంపు చర్చిలోకి దిగాక వెనక్కి రావాలంటే మఠం మనిషి ఒకరు తోడు రావాలి, అది రాత్రే మాట్లాడాల్సిన పని.

వియన్నాలోఉంటా:
వెనక్కి వచ్చేటప్పుడు మార్బుల్ హాల్ ఖాళీగా ఉండొచ్చు. జాలీ దగ్గర ఆగమనండి.